చనిపోతున్న ప్రాసెస్‌ని చూసేలోపు

మూడు వారాలు మేము తప్పు ప్రోగ్రాంలో బగ్ వెతికాం. మా క్రాష్ టూల్ పంపిన రిపోర్టులో అలా ఉంది కాబట్టి. క్రాష్ అయిన ప్రోగ్రాం పేరు దగ్గర 'ఆక్' (టెక్స్ట్‌లోంచి కావాల్సిన ముక్క తీసే చిన్న లినక్స్ ప్రోగ్రాం) అని ఉంది, కమాండ్ లైన్ దగ్గరా ఆక్ కమాండే ఉంది, మెమరీ మ్యాప్‌లో కూడా ఆక్ వాడుకునే లైబ్రరీలే ఉన్నాయి. దాంతో పాటు వచ్చిన కోర్ ఫైల్, అంటే చనిపోయిన ప్రోగ్రాం మెమరీ నకలు, తెరిస్తే మాత్రం లోపల మేము రాసిన సెన్సర్ రీడర్ స్టాక్ (ఏ ఫంక్షన్ ఏది పిలిచిందో చెప్పే జాబితా) కనిపించింది. ఒకే క్రాష్, ఒకే పీఐడీ (నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకీ, అంటే ప్రాసెస్‌కీ, లినక్స్ ఇచ్చే నంబర్), రెండు వేర్వేరు ప్రోగ్రాంలు. కోర్ ఫైళ్లు ఎక్కడో తారుమారై ఉంటాయని ముందు అనుకున్నాం. చివరికి తేలిందేమిటంటే, ఆ రిపోర్టు మొత్తంలో నిజం చెప్పింది కోర్ ఫైల్ ఒక్కటే. మిగతాదంతా ఇంకో ప్రాసెస్‌ది.

ఈ పోస్ట్ ఎందుకు రాస్తున్నానంటే, ఈ రకం తప్పు పైకి కనిపించదు. టూల్ ఆగిపోదు, ఎర్రర్ రాదు, రిపోర్టులు రోజూ వస్తూనే ఉంటాయి, అందంగానే ఉంటాయి. వాటిలో కొన్ని అబద్ధం, అంతే. ఏవి అబద్ధమో చెప్పే గుర్తు వాటి మీద ఉండదు.

సందర్భం కొంచెం చెప్పాలి. విశాఖ మధురవాడలో కూర్చుని మేము రాసే సాఫ్ట్‌వేర్ ఫిషింగ్ హార్బర్ వైపు ఉన్న ఒక కోల్డ్ స్టోరేజ్‌లో నడుస్తుంది. ఎగుమతికి వెళ్లే రొయ్యలు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, అందుకని ప్రతి గదికీ ఒక చిన్న లినక్స్ బాక్స్, దానికి సెన్సర్లు. 32-బిట్ బోర్డు, 4.19 కెర్నెల్, ఎస్‌డీ కార్డు, లోపల రెండు మూడు కంటెయినర్లు, అంటే ప్రోగ్రాంలని విడివిడిగా నడిపే డబ్బాల్లాంటివి. రీడర్ క్రాష్ అయితే దాని మీద కాపలా ఉన్న ప్రోగ్రాం మళ్లీ లేపుతుంది, కానీ ఆ మధ్యలో అలారం లేదు. తెల్లవారుజామున బోట్లు ఒడ్డుకొచ్చి లారీలు కదిలే వేళకి అక్కడి ఆపరేటర్ ఫోన్ చేసేవాడు. "మేడమ్, మూడో గది బాక్సు మళ్లీ ఆగి లేచింది మేడమ్, ఏటి చెయ్యమంటారు?" గది తలుపు తీసి చేతి థర్మామీటర్‌తో చూడమని చెప్పడం తప్ప నా దగ్గర సమాధానం లేని రోజులవి. అతనికి నేను బాకీ ఉన్నది ఒక సరైన రిపోర్టు.

ఇప్పుడు అసలు విషయం. ప్రాసెస్ క్రాష్ అయిందని మనం ఒక్క మాటలో అనేస్తాం. కెర్నెల్ లోపల అది ఒక్క క్షణంలో జరిగేది కాదు, పెద్ద వరస. ప్రోగ్రాం తనది కాని అడ్రస్‌ని ముట్టుకుంటుంది, పేజ్ ఫాల్ట్ వస్తుంది, కెర్నెల్ సిగ్‌సెగ్‌వి పంపుతుంది, అంటే 11వ నంబర్ సిగ్నల్. దాన్ని పట్టుకునే హ్యాండ్లర్ లేకపోతే కోర్ డంప్ మొదలవుతుంది. ఆ ప్రాసెస్‌లో ఇంకా పది థ్రెడ్లు పరిగెడుతూ ఉండొచ్చు కదా, వాటన్నిటినీ కెర్నెల్ ఆపేస్తుంది, ప్రతిదీ వచ్చి ఒక చోట ఆగేదాకా క్రాష్ అయిన థ్రెడ్ ఎదురుచూస్తుంది. ఆ తర్వాత కోర్ ప్యాటర్న్ అనే సెట్టింగ్ చూస్తుంది. అందులో మొదటి అక్షరం నిలువు గీత అయితే, కోర్‌ని ఫైల్‌లో రాయకుండా అక్కడ పేరున్న హెల్పర్ ప్రోగ్రాంని కెర్నెలే రూట్‌గా, అంటే పూర్తి అధికారంతో, లేపి, ఒక పైప్ కలిపి, చనిపోతున్న ప్రాసెస్ మెమరీని అందులో పోస్తుంది. పోయడం అయ్యాక మెమరీ వదిలేస్తుంది, ఫైళ్లు మూసేస్తుంది, ప్రాసెస్ జాంబీ అవుతుంది, అంటే చచ్చినా నంబర్ మాత్రం మిగిలి ఉంటుంది, దాన్ని పుట్టించిన పేరెంట్ ప్రాసెస్ వచ్చి వెయిట్ కాల్‌తో దాని లెక్క తీసుకున్నాక ఆ పీఐడీ ఖాళీ అవుతుంది.

ఈ వరసలో మనం ఎక్కడ తొంగిచూశామన్న దాన్ని బట్టి స్లాష్ ప్రాక్‌లో (నడుస్తున్న ప్రతి ప్రాసెస్ వివరాలనీ దాని పీఐడీ పేరున్న డైరెక్టరీలో కెర్నెల్ చూపించే చోటు) కనిపించేది మారిపోతుంది. కోర్ పోస్తుండగా చూస్తే అన్నీ ఉంటాయి. మెమరీ వదిలేశాక చూస్తే మ్యాప్స్ ఖాళీ, ఎగ్జిక్యూటబుల్ లింక్ చదవలేం, పేరూ స్థితీ మాత్రం మిగులుతాయి. పేరెంట్ లెక్క తీసుకున్నాక డైరెక్టరీయే ఉండదు. ఇంతవరకూ బాధ లేదు, ఎందుకంటే దొరకలేదని మనకి తెలుస్తోంది. ఇంకాస్త ఆగి చూస్తే అదే నంబర్‌తో డైరెక్టరీ మళ్లీ ఉంటుంది. మ్యాప్స్ నిండుగా, కమాండ్ లైన్ చక్కగా, అన్నీ బాగుంటాయి. మనిషి వేరు.

పీఐడీ అంటే ఆర్టీసీ బస్సులో సీటు నంబర్ లాంటిది. కాంప్లెక్స్‌లో శ్రీకాకుళం బస్సు ఎక్కి 14లో కూర్చున్నాయన గురించి మీకెవరో ఫోన్‌లో చెప్పారు, మీరు తగరపువలసలో అదే బస్సు ఎక్కి 14లో ఉన్నాయన్ని పలకరించారు. ఆయన మధురవాడలో ఎక్కి ఉండొచ్చు. మీ సమాచారంలో ఒక్క అక్షరం తప్పు లేదు, బస్సు అదే, సీటు అదే, అయినా మీరు మాట్లాడుతున్నది వేరే మనిషితో.

మా బాక్స్‌లో ఈ సీట్లు ఎంత త్వరగా చేతులు మారేవో తర్వాత లెక్క వేసి చూశాను. 32-బిట్ లినక్స్‌లో పీఐడీల గరిష్ఠ పరిమితి 32,768, దాన్ని పెంచడానికి కూడా లేదు. 64-బిట్‌లో అయితే 41,94,304 దాకా పెంచుకోవచ్చు. పైకి వెళ్లి తిరిగొచ్చినప్పుడు మొదటి 300 వదిలేసి అక్కడి నుంచి మళ్లీ ఇస్తుంది. మా బాక్స్‌లో ప్రతి రీడింగ్‌కీ ఒక షెల్ స్క్రిప్ట్, అందులో క్యాట్, ఆక్, డేట్, ఇలా సెకనుకు 18 దాకా కొత్త ప్రాసెస్‌లు పుట్టేవి. భాగించి చూడండి, అరగంటకి ఒకసారి నంబర్లన్నీ తిరిగొస్తున్నాయి. ఇక మా క్రాష్ టూల్ చేసిన పనేమిటంటే, హెల్పర్ కోర్‌ని ఎస్‌డీ కార్డు మీద రాసి, పీఐడీని ఒక క్యూలో పెట్టి వెళ్లిపోయేది. క్యూలోంచి తీసి స్లాష్ ప్రాక్ చదివి, రిపోర్టు తయారుచేసి సర్వర్‌కి పంపే పని ఇంకో ప్రోగ్రాంది. నెట్‌వర్క్ ఉంటే ఇదంతా వెంటనే జరిగేది, అప్పటికి పాత ప్రాసెస్ ఉండేది కాదు కాబట్టి ఆ గడులు ఖాళీగా వచ్చేవి, మేమూ పట్టించుకోలేదు. నెట్‌వర్క్ అరగంట పోతే అప్పుడు గడులు నిండేవి. నిండిన రిపోర్టులు చూసి మేము సంతోషించాం, అదీ జరిగింది. ఖాళీగా వచ్చినవే నిజాయితీ ఉన్న రిపోర్టులు.

దీన్ని పట్టుకున్నది నేను కాదు, మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి. "అక్కా, ఈ రిపోర్టులో ప్రాసెస్ మొదలైన టైమ్ చూడు, క్రాష్ అయిన టైమ్ కంటే తర్వాత ఉంది" అంది. స్లాష్ ప్రాక్‌లో స్టాట్ ఫైల్ ఉంటుంది, అందులో 22వ అంకె ఆ ప్రాసెస్ ఎప్పుడు మొదలైందో చెప్తుంది, బూట్ అయినప్పటి నుంచి క్లాక్ టిక్కుల్లో. మేము దాన్ని రిపోర్టులో పెడుతున్నాం, ఎవరూ చదవడం లేదు. చనిపోయాక పుట్టిన ప్రాసెస్ ఎలా చనిపోతుంది? ఆ ఒక్క ప్రశ్నతో మూడు వారాల తికమక విడిపోయింది.

అక్కడి నుంచి మేము టూల్ మొత్తాన్ని మొదటి నుంచి చదివాం, ఒక్కటి కాదు, చాలా దొరికాయి. ముందుగా కంటెయినర్ల గొడవ. కోర్ ప్యాటర్న్‌లో శాతం గుర్తు పక్కన చిన్న పి పెడితే కెర్నెల్ ఇచ్చేది ఆ ప్రాసెస్‌కి దాని కంటెయినర్ లోపల ఉన్న పీఐడీ. మేము దాన్ని తీసుకుని బయట, అంటే హోస్ట్ స్లాష్ ప్రాక్‌లో వెతుకుతున్నాం. లోపల 7 అయిన రీడర్ బయట 7 కాదు, బయట 7 అంటే ఏదో కెర్నెల్ థ్రెడ్. పెద్ద పి పెడితే హోస్ట్ నంబర్ వస్తుంది. ఒక్క అక్షరం మార్పు, మ్యాన్ పేజీలో, అంటే మాన్యువల్‌లో, స్పష్టంగా రాసి ఉంది. కంటెయినర్లు లేని రోజుల్లో రాసిన సెట్టింగ్‌ని కంటెయినర్లు వచ్చాక ఎవరూ తిరిగి చూడకపోవడం వల్ల మిగిలిపోయింది.

తర్వాత పైప్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు రేస్, అంటే ఎవరు ముందు చేరతారన్న పందెం, ఉన్నది ఇక్కడే. లినక్స్ పైప్‌లో మామూలుగా 65,536 బైట్లు పడతాయి. కోర్ అంతకంటే పెద్దదైతే, హెల్పర్ చదవడం మొదలుపెట్టేదాకా కెర్నెల్ రాయలేక ఆగిపోతుంది, అంటే చనిపోతున్న ప్రాసెస్ కూడా అక్కడే నిలబడి ఉంటుంది, దాని మెమరీ, ఫైళ్లు, అన్నీ చెక్కుచెదరకుండా. కాబట్టి హెల్పర్ ముందు స్లాష్ ప్రాక్‌లో చూడాల్సింది చూసేసి ఆ తర్వాత పైప్ చదవాలి. మేము తిరగేసి చేశాం. ముందు కోర్ మొత్తం తాగేసి ఆ తర్వాత చూద్దామనుకున్నాం. చివరి బైట్ మన చేతికొచ్చేసరికి కెర్నెల్‌కి ఆ ప్రాసెస్‌ని నిలబెట్టడానికి కారణం ఉండదు.

దీనికే కోర్ పైప్ లిమిట్ అనే ఇంకో సెట్టింగ్ ఉంది. పేరు చూస్తే ఒకేసారి ఎన్ని క్రాష్‌లు పట్టుకోవచ్చో చెప్పేది అనిపిస్తుంది, అదీ నిజమే, కానీ దాని వెనక ఇంకో అర్థం దాక్కుని ఉంది. డిఫాల్ట్ సున్నా. సున్నా అంటే ఎన్నయినా పట్టుకోవచ్చు, కానీ హెల్పర్ పని ముగిసేదాకా కెర్నెల్ ఆగదు. సున్నా కాకుండా ఏ అంకె పెట్టినా, హెల్పర్ పైప్‌ని మూసేదాకా కెర్నెల్ ఆ ప్రాసెస్‌ని వదలదు. చాలా లినక్స్‌లలో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ వాళ్లు దీన్ని 16 పెడతారు. మా బాక్స్‌లో సున్నా. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది, కెర్నెల్ చూసేది హెల్పర్ బతికి ఉందా లేదా అని కాదు, పైప్ చదివే కొస తెరిచి ఉందా లేదా అని. పని మధ్యలో స్టాండర్డ్ ఇన్‌పుట్ మూసేసే అలవాటు ఉన్న ప్రోగ్రాం అయితే, తను ఇంకా చూస్తుండగానే తన పట్టు తనే వదిలేసినట్టు.

ఇవన్నీ సరిచేశాక పని అయిపోయిందనుకున్నాం. నాలుగు రోజులకి ఇంకో రిపోర్టు వచ్చింది, కోర్ సగంలో తెగిపోయి, గడులు ఖాళీగా. అప్పుడు తెలిసింది సిగ్‌కిల్ (ప్రాసెస్‌ని తప్పనిసరిగా చంపే సిగ్నల్) సంగతి.

కోర్ డంప్ జరుగుతుండగా ఆ ప్రాసెస్‌కి మిగతా సిగ్నల్స్ ఏవీ పట్టవు, సిగ్‌కిల్ ఒక్కటే పడుతుంది. అది కెర్నెల్ వాళ్లు కావాలనే అలా ఉంచారు, ఉండాలి కూడా. ముప్పై జీబీ మెమరీ ఉన్న ప్రాసెస్ నెమ్మది డిస్క్ మీద కోర్ పోస్తుంటే అడ్మిన్ దాన్ని ఆపగలగాలి, మెమరీ అయిపోయినప్పుడు ఓఓఎమ్ కిల్లర్ దాన్ని తీసేయగలగాలి. కానీ దాని వల్ల ఏమవుతుందంటే, కెర్నెల్ ఆ ప్రాసెస్‌ని పట్టుకుని ఉందని మనం నమ్ముకున్న ఆ పట్టుని బయట నుంచి ఎవరైనా విడిపించొచ్చు. మా విషయంలో విడిపించింది మా కాపలా ప్రోగ్రామే. రీడర్ నుంచి ఐదు సెకన్ల పాటు గుండెచప్పుడు, అంటే బతికే ఉన్నానన్న సంకేతం, రాకపోతే అది సిగ్‌కిల్ పంపుతుంది. క్రాష్ అయిన ప్రాసెస్ గుండె ఎలాగూ కొట్టుకోదు, ఎస్‌డీ కార్డు మీద కోర్ రాయడానికి ఐదు సెకన్లు చాలవు. అంటే ప్రతి పెద్ద క్రాష్‌లోనూ మా సొంత ప్రోగ్రామే సాక్ష్యాన్ని మధ్యలో లాగేస్తోంది. లాగేశాక తనే వెయిట్ చేసి పీఐడీని ఖాళీ చేస్తోంది, వెంటనే కొత్త ప్రాసెస్‌లు పుట్టిస్తోంది. వేగంగా కోలుకోవాలన్న కోరిక, నెమ్మదిగా చూడాలన్న అవసరం, రెండూ మేమే రాసిన రెండు ప్రోగ్రాంలలో ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి.

ఇది మా చిన్న ఆఫీసు అజాగ్రత్త మాత్రమే అనుకుని ఉంటే ఈ పోస్ట్ ఇంత పొడుగు రాసేదాన్ని కాదు. ఇదే రేస్ ఎంత పెద్ద చోట బయటపడిందో చదివాక నాకు నిద్రపట్టలేదు. 2025 మే నెలాఖరులో క్వాలిస్ అనే సెక్యూరిటీ కంపెనీ వాళ్లు రెండు లోపాలు ప్రకటించారు. ఒకటి ఉబుంటులో క్రాష్‌లు చూసే అపోర్ట్‌లో, దాని నంబర్ సీవీఈ-2025-5054. రెండోది రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, 10లోనూ ఫెడోరాలోనూ ఉండే సిస్టమ్‌డీ కోర్‌డంప్‌లో, సీవీఈ-2025-4598. రెండోదాని కథ వింటే మా ఆక్ రిపోర్టు గుర్తొస్తుంది.

యూనిక్స్ చెక్ పాస్‌వర్డ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంటుంది. సెట్‌యూఐడీ, అంటే మామూలు యూజర్ నడిపినా రూట్ అధికారంతో నడుస్తుంది, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ని మార్చి దాచిన రూపం) ఉండే షాడో ఫైల్‌ని చదువుతుంది. దాడి చేసే మనిషి దాన్ని నడిపి, అది షాడో ఫైల్‌ని మెమరీలోకి తెచ్చుకున్నాక క్రాష్ చేయిస్తాడు. దాన్ని మొదలుపెట్టింది తనే కాబట్టి దానికి సిగ్నల్ పంపే హక్కు తనకి ఉంటుంది. కెర్నెల్ సిస్టమ్‌డీ కోర్‌డంప్‌ని లేపి, పైప్‌లో మెమరీ పోయడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఆ కోర్‌ని ఎవరు చదవొచ్చో కోర్‌డంప్ తేల్చాలి. క్రాష్ అయినది మామూలు ప్రోగ్రాం అయితే ఆ యూజర్‌కి ఇవ్వొచ్చు, అధికారం ఉన్నదైతే ఇవ్వకూడదు. తేల్చడానికి అది స్లాష్ ప్రాక్‌లో ఆ పీఐడీ కింద ఆక్స్‌వి ఫైల్ (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు కెర్నెల్ ఇచ్చిన వివరాల పట్టిక) చూస్తుంది. అది చూసేలోపు దాడి చేసేవాడు పాత ప్రాసెస్‌ని సిగ్‌కిల్‌తో తీసేసి, వరసగా ఫోర్క్ చేస్తూ, అంటే కొత్త ప్రాసెస్‌లు పుట్టిస్తూ, అదే నంబర్ తన మామూలు ప్రాసెస్‌కి వచ్చేలా చేస్తాడు. కోర్‌డంప్ చూస్తుంది, మామూలు ప్రోగ్రామే కదా అనుకుంటుంది, కోర్‌ని అతని చేతిలో పెడుతుంది. పైప్‌లో అప్పటికే పోసి ఉన్నది మాత్రం పాతదాని మెమరీ. అందులో హ్యాష్‌లు.

కోర్ ఒకరిది, వివరాలు ఇంకొకరివి. మా దగ్గర తెలియక జరిగింది, అక్కడ కావాలని చేయించవచ్చు, తేడా అంతే. కోల్డ్ స్టోరేజ్‌లో ఆ తప్పు వల్ల మా సమయం పోయింది, అక్కడ పోయేది రూట్ పాస్‌వర్డ్ హ్యాష్.

కెర్నెల్ లోపల కూడా ఇలాంటి నమ్మకమే ఒకసారి దెబ్బతింది. కోర్ డంప్ చేసే కోడ్ ప్రాసెస్ మెమరీ మ్యాప్‌ల జాబితాని తాళం వేయకుండా చదివేది. థ్రెడ్లన్నీ ఆగిపోయాయి కదా, ఇక ఈ జాబితాని మార్చడానికి ఎవరు మిగిలారు అన్నది ఆలోచన. కానీ ఆ మెమరీని పట్టుకుని ఉన్నది దాని థ్రెడ్లే కానక్కర్లేదు, బయటి ప్రాసెస్‌లు కూడా యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ లాంటి దారుల్లో వచ్చి దాన్ని మార్చగలవు. సెక్యూరిటీ పరిశోధకుడు జాన్ హార్న్ 2019లో ఇది చూపించాడు, సీవీఈ-2019-11599 అదే. ముందు అలాంటి దారుల్లో ఒక్కొక్క చోట 'ఇది ఇంకా చెల్లుతుందా' అని అడిగే తనిఖీ పెట్టి సర్దారు, 2020లో 5.10 కెర్నెల్‌కి వచ్చేసరికి కోర్ డంప్ కోడే సరిగ్గా తాళం తీసుకుని జాబితా నకలు చేసుకునేలా మార్చి, ఆ సర్దుబాటు తీసేశారు. నాకు ఈ రెండో పరిష్కారం చాలా నచ్చుతుంది. చనిపోతున్నదాన్ని ఎవరూ ముట్టుకోరులే అనుకోవడం మానేసి, ముట్టుకుంటారనే అనుకుని రాశారు.

ఇప్పుడు పరిష్కారం గురించి. సిస్టమ్‌డీ వాళ్లు తీసుకున్న దారిలో మొదటిది, స్లాష్ ప్రాక్‌ని అడగడం మానేసి కెర్నెల్‌నే అడగడం. కోర్ ప్యాటర్న్‌లో శాతం గుర్తు పక్కన చిన్న డి పెడితే, ఆ ప్రాసెస్ డంప్ చేయదగినదేనా అన్న తన సొంత లెక్కని క్రాష్ క్షణంలోనే కెర్నెల్ హెల్పర్‌కి అందిస్తుంది. తర్వాత ఎవరు ఏ నంబర్‌లో కూర్చున్నా ఆ సమాధానం మారదు. రెండోది పీఐడీఎఫ్‌డీ. ప్రాసెస్‌ని నంబర్‌తో కాకుండా ఫైల్ డిస్క్రిప్టర్‌తో, అంటే తెరిచిన వస్తువుకి కెర్నెల్ ఇచ్చే పట్టుతో, పట్టుకునే పద్ధతి, 2019లో వచ్చిన 5.3 కెర్నెల్ నుంచి మామూలు ప్రోగ్రాంలు కూడా తెరవగలవు. కానీ హెల్పర్ లేచాక నంబర్ చూసి పీఐడీఎఫ్‌డీ తెరిస్తే అప్పటికే సీటు మారిపోయి ఉండొచ్చు కదా. అందుకే కెర్నెల్ డెవలపర్ క్రిస్టియన్ బ్రౌనర్ చేసిన మార్పుతో, 2025 జులైలో వచ్చిన 6.16 కెర్నెల్‌లో శాతం గుర్తు పక్కన పెద్ద ఎఫ్ వచ్చింది. అది పెడితే హెల్పర్‌ని లేపేటప్పుడే కెర్నెల్ ఆ పీఐడీఎఫ్‌డీని 3వ నంబర్ డిస్క్రిప్టర్‌గా దాని చేతిలో పెట్టి పంపుతుంది. అదే వెర్షన్‌లో కోర్‌ని పైప్‌తో పని లేకుండా నేరుగా యునిక్స్ సాకెట్‌కి పంపే దారి కూడా వచ్చింది, అక్కడ కూడా అవతలి కొసలో ఎవరున్నారో పీఐడీఎఫ్‌డీతోనే తెలుసుకోవచ్చు.

పీఐడీఎఫ్‌డీ అంటే కిటికీలోంచి సీట్లో కర్చీఫ్ వేయడం అనుకోకండి, నేనూ మొదట అలాగే అనుకున్నాను. సీటు ఇంకొకరికి వెళ్లకుండా అది ఆపదు, నంబర్ మామూలుగానే చేతులు మారుతుంది. మీరు పట్టుకున్నది ఆ మనిషి చేయి. ఆయన దిగిపోతే దిగిపోయాడనే తెలుస్తుంది, ఆ సీట్లో కూర్చున్న కొత్త మనిషి చేయి మీ చేతిలోకి రాదు.

మా బాక్స్‌లు 4.19 మీద ఉన్నాయి, వాటికి చిన్న డి తప్ప ఇవేవీ లేవు. బోర్డు అమ్మిన వాళ్లు కొత్త కెర్నెల్ ఇచ్చేదాకా ఉన్నదాంతోనే చేయాలి. చేసింది ఇది. క్యూని తీసేశాం, హెల్పరే లేచిన వెంటనే స్లాష్ ప్రాక్‌లో ఆ పీఐడీ డైరెక్టరీని ఒక్కసారి తెరిచి, ఆ డిస్క్రిప్టర్ మీద నుంచే ఓపెన్‌ఎట్ అనే కాల్‌తో మిగతా ఫైళ్లన్నీ చదువుతుంది. ఈ కిటుకు చాలామందికి తెలియదు, పీఐడీఎఫ్‌డీ లేని చోట ఇది దాదాపు అదే పని చేస్తుంది. తెరిచిన డైరెక్టరీ ఆ ప్రాసెస్‌కే కట్టుబడి ఉంటుంది, అది పోతే ఎర్రర్ వస్తుంది, అదే నంబర్‌తో వచ్చిన కొత్తదాని వివరాలు రావు. ప్రతి ఫైల్‌కీ పూర్తి దారి రాసి విడివిడిగా తెరిస్తే, మ్యాప్స్ ఒకరివి, కమాండ్ లైన్ ఇంకొకరిది అయ్యే అవకాశం ప్రతిసారీ మళ్లీ పుడుతుంది. కోర్ పైప్ లిమిట్‌ని 4 చేశాం. కాపలా ప్రోగ్రాంకి, సిగ్‌కిల్ పంపే ముందు ఆ ప్రాసెస్ కోర్ పోస్తోందా అని చూసుకునేలా, స్టేటస్ ఫైల్‌లోని కోర్ డంపింగ్ అనే వరస చదవడం నేర్పాం. అందులో 1 ఉంటే రెండు నిమిషాల దాకా ఓపిక పడుతుంది, ఈలోపు గది రీడింగ్ ఆగకుండా ఇంకో రీడర్‌ని లేపుతుంది. రెండు నిమిషాలు దాటితే మాత్రం కిల్ చేస్తుంది, రొయ్యల కంటే కోర్ ఫైల్ ముఖ్యం కాదు.

అన్నిటికంటే నాకు తృప్తినిచ్చిన మార్పు వేరే. స్లాష్ ప్రాక్ నుంచి మేము ఆత్రంగా లాగుతున్న వివరాల్లో సగం పైన కోర్ ఫైల్ లోపలే ఉన్నాయి. కోర్ మొదట్లో కెర్నెల్ కొన్ని నోట్స్ రాస్తుంది. ప్రాసెస్ పేరు, కమాండ్ లైన్‌లో మొదటి 79 అక్షరాలు, పీఐడీ, సిగ్నల్ వివరం, ఆక్స్‌వి మొత్తం, ఏ ఫైల్ ఏ అడ్రస్ దగ్గర మ్యాప్ అయిందో జాబితా. ఇవి చనిపోతున్న ప్రాసెస్ నుంచే, అదే పైప్‌లో, అదే చేత్తో వస్తాయి. వీటికి రేస్ లేదు. ఇప్పుడు మా రిపోర్టు ముందు ఈ నోట్స్ నుంచే తయారవుతుంది, తెరిచి ఉన్న ఫైళ్లు, సీగ్రూప్ (ప్రాసెస్ ఏ గుంపులో ఉందో) లాంటి కోర్‌లో లేని వాటికి మాత్రమే స్లాష్ ప్రాక్ దగ్గరికి వెళ్తుంది. రెండు చోట్లా దొరికే పేరు, ఆక్స్‌వి పోల్చి చూస్తుంది, తేడా వస్తే స్లాష్ ప్రాక్ వివరాలు పారేసి 'చూసేలోపు పోయింది' అని రాస్తుంది. ఖాళీ గడి ఉంటే ఉండనీ.

ఒక చిన్న సందు ఇంకా ఉంది, దాచను. కెర్నెల్ హెల్పర్‌ని లేపడానికీ, హెల్పర్ ఆ డైరెక్టరీ తెరవడానికీ మధ్య ఎవరైనా సిగ్‌కిల్ కొడితే, ఆ కొద్ది సమయంలోనే నంబర్లన్నీ ఒక చుట్టు తిరిగొస్తే, మేము తప్పు డైరెక్టరీ పట్టుకోవచ్చు. మా బాక్స్‌లో అంత వేగం లేదు, పైగా మొదలైన టైమ్ పోల్చి చూస్తున్నాం కాబట్టి దొరికిపోతుంది. పది మంది లాగిన్ అయ్యే సర్వర్‌లో అయితే ఈ మాట చెప్పి తప్పించుకోలేను, అక్కడ సెట్‌యూఐడీ ప్రోగ్రాంల కోర్‌లు అసలు రాకుండా సూయిడ్ డంపబుల్ అనే సెట్టింగ్‌ని సున్నా చేసి, ప్యాచ్ అయిన వెర్షన్ పెట్టుకోవాలి.

అసలు బగ్ దొరికింది. సరైన రిపోర్టులు మూడు వచ్చేసరికి దొరికింది. కంప్రెసర్ ఆన్ అయిన క్షణంలో సెన్సర్లని కలిపే యూఎస్‌బీ కన్వర్టర్ ఊడి మళ్లీ తగులుతోంది, ఊడినప్పుడు ఒక థ్రెడ్ బఫర్‌ని ఫ్రీ చేస్తోంది, ఇంకో థ్రెడ్ దాన్నే చదువుతోంది. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాలో ఆ కన్వర్టర్ సీరియల్ పోర్ట్ పక్కన 'డిలీటెడ్' అని కనిపించకపోతే, అది నిజంగా మా రీడర్ జాబితాయేనన్న నమ్మకం లేకపోతే, ఇంకా ఆక్ చుట్టూ తిరుగుతూ ఉండేవాళ్లం. ఆపరేటర్‌కి ఫోన్ చేసి చెప్పాను. "అయితే ఇంక తెల్లారగట్ట ఫోన్ చెయ్యక్కర్లేదా మేడమ్?" అన్నాడు. ఇంకో నెల చూద్దాం, ఆగితే మాత్రం చెయ్యి అన్నాను.

నిన్న టీ తాగుతూ, కొత్త కెర్నెల్ వస్తే పెద్ద ఎఫ్ పెట్టేద్దాం అనుకుంటుంటే, ఆ అమ్మాయే మళ్లీ అడిగింది. "అక్కా, డిస్క్రిప్టర్ 3గా వస్తుంది కదా, మన హెల్పర్‌కి ముందు ఒక షెల్ స్క్రిప్ట్ ఉంది, అది లాగ్ ఫైల్‌ని 3 మీదే తెరుస్తుంది, మరి ఆ పీఐడీఎఫ్‌డీ ఏమవుతుంది?" స్క్రిప్ట్ తెరిచి చూశాం. రెండో లైన్‌లోనే ఉంది. ఈ సాయంత్రం ఆ స్క్రిప్ట్ తీసేసి హెల్పర్‌ని నేరుగా కోర్ ప్యాటర్న్‌లో పెడుతున్నాం.